జీర్ణోద్ధరణమున ప్రతినిధి విచారము

కాలమునకు లోబడని వస్తువు లేదు. రాతికట్టడము బీటలు వారును, దారువు పుచ్చిపోవును, లోహము తుప్పు పట్టును. కావుననే మన పూర్వులు ఆలయనిర్మాణమునకు శాస్త్రము వ్రాసి ఊరకుండక, జీర్ణోద్ధరణమునకును శాస్త్రము వ్రాసిరి. మయమతమున దీనికై యొక ప్రత్యేకాధ్యాయమే కలదు. కట్టుటకంటె నిలుపుట కష్టమని వారెరుగుదురు. ఐనను జీర్ణోద్ధరణ మన్నంతనే మనకు గోపురములును, ప్రాకారములును, ధ్వజస్తంభములును మాత్రమే స్ఫురించుచున్నవి. నిజమునకీ ధర్మసందేహము ఇంటింట గలదు. అమ్మమ్మగారి ఇత్తడిబిందె చిల్లుపడినది. మాటు వేయింతుమా, పాతసామానులవానికి వేసి కొత్తది తెత్తుమా? తండ్రిగారి పడకకుర్చీ కాలు విరిగినది. కాలు మార్చినచో అది ఆయన కుర్చీయే యగునా? ఇట్టివి ప్రతివారికిని ఎదురగుచుండును. మనము విచారింపకయే ఏదియో యొకటి చేసివేయుచుందుము.

ఈ మధ్య నన్ను విచారింపజేసిన ప్రశ్న యొక మోటారుకారును గూర్చినది. దేవస్థానపత్రికలో మోటారుకారు ప్రసక్తి యేల యని పాఠకమహాశయులు నవ్వవలదు. కఠోపనిషత్తు ఈ శరీరమును రథముగా రూపించినది. నాగసేనుడను బౌద్ధభిక్షువు యవనరాజైన మిళిందునకు ఆ రాజెక్కి వచ్చిన రథమును చూపియే తన తత్త్వమును బోధించెను. బండిని ముందిడుకొని తత్త్వవిచారము చేయుట మనవారికి కొత్త గాదు.

ఆదోనిలో నాయొద్ద కావ్యములు చదివిన యొకరి కుమారుడు తన తాతగారి అంబాసిడరు కారును బాగుచేయించుచున్నాడు. పత్తివ్యాపారము చేసిన ఆ పెద్దలు 1960 దశాబ్దమున దానిని కొనిరి. విజయదశమినాటి రాత్రి దేవరగట్టులో కర్రల సమరమున తలలు పగిలినవారిని ఎక్కించుకొని ఆదోని ఆసుపత్రికి చేర్చుట ఆయన యేటేట చేసిన పుణ్యకార్యమని ఆ యింటివారు చెప్పుదురు. ఆయన పోయిన పిదప బండి కొట్టములో మూలబడినది. మనుమడు ఉద్యోగస్థుడై, నాలుగు రాళ్ళు సంపాదించి, దానిని మరల నడిపింపవలెనని పూనుకొన్నాడు. ఇంజను విప్పి శుభ్రపరచిరి. బ్రేకులు, చక్రములు సరిచేసిరి. చిక్కంతయు పెట్రోలు ట్యాంకుకడ వచ్చినది. దాని యడుగు తుప్పుపట్టి సూదిబెజ్జములు పడియున్నది. ఒకచోట మాత్రము పాతకాలపు మాటు కలదు. అది తాతగారు ఒకమారు ప్రయాణము నడుమ బండి ఆగిపోగా, దగ్గరుండి వేయించినదట.

మెకానిక్కు కొత్త ట్యాంకు వేయుమనెను. పాతకార్లు సేకరించు మిత్రుడొకడు, ట్యాంకు మార్చినచో బండికి ప్రాచీనతయే పోవును, విలువ తగ్గును, కావున ఏదో విధముగా దీనినే నిలుపుమనెను. తాతగారి భార్య, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు, “ఆయన వేయించిన మాటురా అది, తీసి పారవేయకు” అని మాత్రమనెను. మొదటి యిద్దరి మాటకు సమాధానము చెప్పుట సులభము. మూడవమాట అట్టిది కాదు.

వస్తుస్థితి నెరుగక ధర్మము చెప్పుట, రోగమెరుగక పథ్యము చెప్పుటవంటిది. కావున నేను ఆ పనివానినే అడిగి కొన్ని సంగతులు తెలిసికొంటిని. నీరు పెట్రోలుకంటె బరువైనది. గాలిలోని తేమ ట్యాంకులో చేరి నీరై, అడుగునకు దిగి అక్కడనే నిలుచును. అందుచేత తుప్పు అడుగుభాగమున, అదియు లోపలివైపున పుట్టును. బయట రంగు నిగనిగలాడుచుండగనే లోపలి రేకు పలుచబడుచుండును. రాలిన తుప్పుపొట్టు గొట్టములలోను, కార్బురేటరులోను అడ్డుపడి బండిని ఆపివేయును. అది చిన్నబాధ. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక పైకెగసిపోక నేలనంటి ప్రాకి, దూరముననున్న నిప్పును సైతము వెదకికొనిపోయి అంటుకొనును. ఇది పెద్దబాధ. ఇంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. నిండు ట్యాంకుకంటె వట్టి ట్యాంకే భయంకరమైనది. వట్టిదానిలో ఆవిరియు గాలియు కలిసి మందుగుండువలె పొంచియుండును. బాగుగ కడుగకయే దానికి నిప్పుచూపి అతుకువేయబోయి ప్రాణములు పోగొట్టుకొన్న పనివారు లోకమున కలరు.

రసాయనముతో తుప్పును కరగించి లోపల ఎపాక్సీ పూత పూయు మార్గము కూడ కలదు. రేకు గట్టిగా నున్నచో అది మంచి మార్గమే. కాని రేకే చివికినచోట పూత యెంతకాలమాగును? పైగా నేటి పెట్రోలు నాటి పెట్రోలు గాదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుట ఆచరణలోనికి వచ్చినది. ఇథనాలనగా చెరకునుండియు, ధాన్యములనుండియు తీయు మద్యసారము. అది తేమను పీల్చుకొనును. పాత రబ్బరుగొట్టములను, కొన్ని పూతలను చెడగొట్టును. ఉత్తరపారా కర్మాగారమున ఆనాడీ బండిని చేసినవారు దానికి మద్యము పోయుదురని ఊహింపలేదు. మద్యము పాతబండికిని మేలు చేయదన్నమాట.

ఇక విచారణకు వత్తము. మొదట సేకర్త పూర్వపక్షము. అవయవము మార్చినచో అవయవి మారునా? ఈ ప్రశ్నను మన నైయాయికులు పటమును, తంతువులను దృష్టాంతముగా గొని మథించిరి. ఈ ప్రాంతపువారికి ఈ దృష్టాంతమును విప్పి చెప్పనక్కరలేదు. ఎమ్మిగనూరు నేతగాండ్ర ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అచట నేతపనివారి సహకారసంఘమును నెలకొల్పిరి. ఆ మగ్గములమీద దారములు పడుగుపేకలై వస్త్రమగుట చిన్నపిల్లలును చూచియున్నారు. వస్త్రము దారముల కుప్ప మాత్రమే కాదు, దారములయందు సమవాయసంబంధముతో నుండు వేరొక ద్రవ్యమని నైయాయికుల సిద్ధాంతము. కుప్పగా పోసిన దారములను కట్టుకొనలేము గదా! సరియే. ఆ వస్త్రమునుండి ఒక దారమును లాగివేసినచో ఏమగును? పూర్వపు పటము నశించి, మిగిలిన తంతువులయందు ఖండపటమను మరియొక పటము పుట్టినదని వారు చెప్పుదురు. ఇది ఆ వస్త్రమే యని మనకు తోచుట, దీపజ్వాల క్షణక్షణమును మారుచున్నను ఒకే జ్వాల యని తోచుటవంటిది. బౌద్ధులింకను ముందుకు పోయి, అవయవి యనునదే లేదనిరి. నాగసేనుడు రాజు నడిగినది యిదియే. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా? ఏదియు గాదు, వీని కూడికకు వ్యవహారార్థము పెట్టిన పేరు రథము.

యవనులకును ఈ చిక్కు తెలియును. థీసియసు అను వీరుడెక్కిన ఓడను ఏథెన్సు ప్రజలు చిరకాలము కాపాడి, పుచ్చిన పలకనెల్ల తీసి కొత్త పలక వేయుచుండిరనియు, అది ఆ యోడయేనా కాదా యని తత్త్వజ్ఞులు వాదించుకొనిరనియు ప్లూటార్కు వ్రాసెను. పదునేడవ శతాబ్దిలో హాబ్సు అను ఆంగ్లేయ తత్త్వవేత్త మరియొక మెలిక వేసెను. తీసివేసిన పలకలనన్నింటిని ఒకడు దాచి, వానితో మరల నొక ఓడను కూర్చినచో రెండింటిలో ఏది థీసియసు ఓడ? సరదాకు ఈ ప్రశ్నను నేను పాఠశాలలో విద్యార్థుల కిచ్చెడివాడను. న్యాయము చదివినవారు రెండును కావనియు, వ్యాకరణము చదివినవారు పేరెవరు పెట్టినచో అదే యనియు చెప్పెడివారు.

ఈ వాదములన్నియు సేకర్తకు అనుకూలములుగా తోచునుగాని, జాగ్రత్తగా చూచినచో అతనికే ఎదురు తిరుగును. ఒక అవయవము పోయినంతమాత్రమున అవయవి మారునందుమేని, ఈ కారు ఏనాడో మారిపోయినది. టైర్లు ఎన్నిమారులు మార్చిరో! అంతకంటె ముఖ్యముగా, ట్యాంకులోని రేకును తుప్పు యేండ్లతరబడి తినివేయుచునే యున్నది. మనము మార్చకున్నను అది మారుచునే యున్నది. పాతదానిని యథాతథముగ నిలుపుదమనుట మన చేతిలో లేదు. మార్పును తుప్పునకు వదలుదుమా, మనుష్యబుద్ధికి అప్పగింతుమా యనునదే మన చేతిలోనున్నది. ఇది అదేనా, కాదా యను ప్రశ్నతో ధర్మనిర్ణయము కాదు. దేనికి బదులు దేనిని, ఏ నియమముతో పెట్టవచ్చునని అడుగవలెను.

ఈ ప్రశ్నను సాక్షాత్తుగా విచారించినవారు మీమాంసకులు. జైమినిసూత్రములలో ఆరవ అధ్యాయము మూడవ పాదమున ప్రతినిధివిచారము కలదు. యాగమునకు వ్రీహులు విహితములు. అవి దొరకలేదు, లేదా చెడిపోయినవి. యాగమును మానుటయా? మానరాదు. వ్రీహులను పోలిన నీవారములతో జరుపవలెను. సోమలత దొరకనిచోట పూతీకలను గొనవలెను. ఇది ఉదారమైన అనుమతియే కాని, దానివెంట మూడు కట్టుబాట్లు కలవు. మొదటిది: ప్రతినిధి మూలద్రవ్యమునకు వీలైనంత సదృశముగా నుండవలెను. రెండవది: నిషిద్ధద్రవ్యము ఎంత సదృశమైనను ప్రతినిధి కానేరదు. పెసలు లేవని, వానివలెనే యున్నవిగదా యని యజ్ఞమునకు పనికిరాని మినుములను గొనరాదు. మూడవది: దేవతకును, అగ్నికిని, మంత్రమునకును, క్రియకును ప్రతినిధి లేదు. యజమానునకు కూడ లేదు. ఇంద్రునికీయవలసిన హవిస్సును వరుణునికిచ్చి సరిపెట్టుకొనలేము.

ఇట్లు విభజించుటకు మీమాంసకులు చెప్పిన హేతువు మిక్కిలి రమణీయమైనది. ద్రవ్యముచేత జరుగు పని కంటికి కనబడునట్టిది. దంచినచో పిండియగును, పిండి పురోడాశమగును. నీవారములు ఆ పని చేయునో లేదో చూచి తెలిసికొనగలము. దేవతామంత్రాదులవలన కలుగు ఫలము కంటికి కనబడదు, శాస్త్రము చెప్పగనే తెలియవలెను. దానిస్థానమున మరియొకటి పెట్టినచో అదే ఫలము కలుగునని చెప్పుటకు మనయొద్ద ప్రమాణమేమున్నది? దృష్టప్రయోజనము గలదానిని మార్చవచ్చును. అదృష్టప్రయోజనము గలదానిని మార్చరాదు. ఎంత భాగము మార్చితిమను లెక్కతో దీనికి పనిలేదు. ఇంత మార్చినచో తప్పులేదు, అంత మార్చినచో తప్పు అని గీతగీయబోయినవారు ఎన్నడును గీత గీయలేకపోయిరి.

ఈ త్రాసులో ట్యాంకును తూచుదము. దాని ప్రయోజనము పెట్రోలును ధరించుట. అంతయు దృష్టమే. చిల్లుపడిన పాత్ర ఆ పని చేయలేదు, మంచిపాత్ర చేయును. కావున ప్రతినిధిని గ్రహింపవచ్చును. సాదృశ్యనియమము ననుసరించి, అదే కొలతలది, అదే బండికి చేసినది దొరకినచో శ్రేష్ఠము. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినను పాతసరకు ఇంకను అక్కడక్కడ దొరకుచున్నది. దొరకనిచో రేకుపనివానిచేత చేయించుకొనవచ్చును. ఇచట నిషిద్ధద్రవ్యనియమము మనకు చక్కగ పనికివచ్చినది. ఆ యువకుడు తుప్పుపట్టదుగదా యని జింకుపూతగల జీఐ రేకుతో చేయింపదలచెను. ఇథనాలు కలిసిన పెట్రోలునకు జింకుపూత సరిపడదు. అది క్రమముగా కరగి మడ్డియై గొట్టములకు అడ్డుపడును. చూపునకు మేలైనదే, పనికి నిషిద్ధము. జైమినిమహర్షికి మోటారుకారు తెలియదు. మినుములను గూర్చి ఆయన చెప్పినది మాత్రము ఈ రేకునకు అక్షరాల అన్వయించుచున్నది.

ఇక వృద్ధురాలి మాట. ఆమెకు ట్యాంకుతో పని యేమి? పెట్రోలును ధరించుట గాదు, భర్తను స్మరించుట. ఒకే వస్తువునందు రెండు ప్రయోజనములు పెనగొనియున్నవి. ధారణమును పాతట్యాంకు చేయలేదు, కొత్తది చేయగలదు. స్మరణమును కొత్తట్యాంకు ఎన్నటికిని చేయలేదు. పాతది, చిల్లులతోకూడ, సంపూర్ణముగ చేయగలదు. మాటు బండిక్రింద చీకటిలో నుండి యెవరికి కనబడినది? దానిని విప్పి ఇంటిలో నుంచినచో ఆమె చేతితో తడవి చూచుకొనగలదు. సేకర్త ఈ రెంటిని విడదీయక, స్మరణమునకై ధారణమును బలిపెట్టుమనెను. మెకానిక్కు ధారణమునకై స్మరణమును పాతయినుము క్రింద అమ్మివేయుమనెను. ఇద్దరి మాటయు సగమే.

హైదరాబాదున చౌమహల్లా భవనమున 1912 నాటి రోల్సురాయిసు కారొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పించుటకు ఉత్తరువిచ్చి, అది రాకముందే 1911లో మరణించెను. అట్టిది దర్శనార్థమైన వాహనము. నిలిచియే యుండు బండికి పాత అవయవములు, పనిచేయనివైనను, ఉండుటయే ధర్మము. మన యువకుని బండి అట్టిది గాదు. అతడు దానిని విజయదశమిరాత్రి దేవరగట్టు క్రిందికి తీసికొనిపోయి, తాతవలెనే గాయపడినవారిని ఆదోనికి చేర్చవలెనని సంకల్పించెను. అక్కడ చీకటి, వేలకొలది జనము, నలుదెసల కాగడాలు. చిల్లుపడిన పెట్రోలుట్యాంకును ఆ కాగడాలనడుమకు గొనిపోవుట పితృభక్తి యనిపించుకొనదు. తాతగారి ఋణము రేకును నిలిపినందువలన తీరునా, ఆయన చేసిన పనిని నిలిపినందువలన తీరునా? ఆ బండియందు ప్రతినిధి లేనిది, క్రియాస్థానమున నున్నది, గాయపడినవారిని చేర్చుటయే.

దేవరగట్టు మాట వచ్చినది గనుక, ఎన్నియో యేండ్లుగా నా మనస్సులో నున్న విషయమొకటి యిచటనే చెప్పుదును. హొళగుంద మండలములోని ఆ కొండమీద మాళ మల్లేశ్వరస్వామి వెలసియున్నాడు. మణి, మల్లాసురులను రాక్షసులను శివుడు భైరవరూపమున సంహరించిన స్థలమని ప్రతీతి. దసరారాత్రి జరుగు ఉత్సవమునకు బన్ని యని పేరు. కన్నడమున బన్ని యనగా జమ్మిచెట్టు. నెరణికి, నెరణికితండా, కొత్తపేట గ్రామస్థులు పాలబాస చేసి, తమలోతమకు వైరములు లేవని ప్రమాణము పలికి, ఉత్సవమూర్తులకు కాపుగా నిలుతురు. కల్యాణానంతరము ఉత్సవమూర్తులు కదలగా, చుట్టుప్రక్కల గ్రామములవారు వానికై పోటీపడుదురు. కర్రలు లేచును. తలలు పగులును. గాయములపై పసుపు అద్దుకొని మరల ముందుకు పోవువారిని చూచి భక్తియనవలెనో, మరేమనవలెనో తోచదు. ప్రాణములు పోయిన యేండ్లును కలవు. అధికారులు ఏటేట కర్రలు వలదందురు. గ్రామస్థులు ఏటేట సంప్రదాయమందురు. అది జరుగుచునే యున్నది.

సంప్రదాయమును మార్చరాదనువారు ఆ స్థలగాథనే యొకమారు వినవలెను. చనిపోవు రాక్షసులు తమకేటేట నరబలి కావలెనని కోరిరనియు, దానికి మారుగా ఒక భక్తుడు పిడికెడు రక్తమిచ్చుటకు ఒడబడెననియు ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. నేటికిని ఉత్సవమున ఒక గొరవయ్య ఆ రక్తమును సమర్పించును. నరబలికి పిడికెడు రక్తము! ఇంతకంటె స్పష్టమైన ప్రతినిధి యెక్కడ గలదు? ఆ సంప్రదాయమునకు మూలమునందే ఒకరు మార్చి, దేవుడంగీకరించి, జనము శిరసావహించిరి. అట్టిచోట మార్పు అపచారమని యెట్లు చెప్పగలము? దేవత మారరాదు, కల్యాణము మారరాదు, మూర్తులను మూడు గ్రామములు కాచుట యను క్రియ మారరాదు. పాలబాస అసలే మారరాదు. కర్రకు తొడిగిన ఇనుపకట్టు మాత్రము ఏ శాస్త్రమున విహితము? దాని ప్రయోజనము దృష్టమే, ఆసుపత్రిలో కనబడుచున్నది. మద్యము సంగతి చెప్పనక్కరలేదు. అది లోపలినుండి పుట్టిన తుప్పు. పైన ఉత్సవము నిగనిగలాడుచున్నది గనుక మన కంటికి వెంటనే కనబడదు. అక్కడివారు శూరులు, దైవభక్తులు. వారిని నిందించుట నా యుద్దేశము గాదు. పట్నమునుండి వచ్చి ఉత్సవమే మానుడనువారిమాట వారు వినరు, వినకుండుటయు సహజమే. ఇనుపకట్టు లేని కర్రను పాలబాసలో చేర్చుట మాత్రము ఆ గ్రామముల పెద్దలకే సాధ్యము.

మార్చక కూర్చున్నచో ఏమగునో శ్రీకాళహస్తిలో చూచితిమి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన రాజగోపురము బీటలు వారి, 2010 మే 26న కూలిపోయినది. తరువాత కొత్తగోపురము లేచి 2017లో కుంభాభిషేకము జరిగినది. అది రాయలవారి గోపురము గాదని యెవరైన అనవచ్చును, నిజమే; భక్తుడు దానిక్రిందినుండి స్వామికడకే పోవుచున్నాడు. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామివారి రథము 2020 సెప్టెంబరులో అగ్నికాహుతియైనది. 2021 ఫిబ్రవరికి కొత్తరథము సిద్ధమైనది. పూరీలోనైతే జగన్నాథ, బలభద్ర, సుభద్రల రథములను ఏటేట కొత్తగనే చేయుదురు. ఎక్కువారెవరో మారనంతవరకు రథమును గూర్చి మనకు దిగులు లేదు.

ఇంత చెప్పినందున నేను కొత్తదనమునకు వకాల్తా పుచ్చుకొంటినని కొందరనుకొనవచ్చును. అది సరికాదు. జీర్ణోద్ధరణము పేరున జరుగుచున్న విధ్వంసమును తలచినచో కడుపు తరుగుకొనిపోవును. రాతిస్తంభముల శిల్పములపై ఎనామిలు రంగులు, నల్లరాతిబండలు పెకలించి నున్నని టైల్సు, శాసనముపై సున్నము. ఆ బండలు జీర్ణములు కావు. ఇంకను వేయియేండ్లు నిలుచును. ప్రతినిధికి ప్రథమార్హత మూలద్రవ్యము లేకుండుట లేదా చెడిపోవుట. ఉన్న వ్రీహులను పారబోసి నీవారములు తెచ్చుకొనుట యజ్ఞము గాదు. స్వయంభూలింగము జీర్ణమైనను కదల్పరాదని ఆగమజ్ఞులు చెప్పుదురు; ఆగమములు మార్పుననుమతించినచోట కూడ హీనద్రవ్యముతో మార్చరాదన్నవి. మన ధర్మకర్తలు కొందరు ఈ రెండింటిని తలక్రిందులుగ ఆచరించుచున్నారు. ఆ యువకునితో కూడ నేనిదే చెప్పితిని. కారు లోపలి పాతసీట్ల తోలు గట్టిగనే యున్నది, దానిని ముట్టవలదు.

మిగిలినది సత్యవిషయము. నా యుద్దేశమున ఈ వ్యవహారమున పాపము చొరబడుటకు తలుపేదియైన గలదన్నచో అది యిదియే. పాతకారులను గూర్చి కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసినది. 50 ఏండ్లు దాటి, మూలరూపమున నిలిచి, ఛాసిసులోగాని, పైకట్టులోగాని, ఇంజనులోగాని పెద్దమార్పులు జరుగనివానికి ప్రాచీనవాహనములని ప్రత్యేకమైన నమోదు కలదు. ఆ జాబితాలో పెట్రోలుట్యాంకు పేరు లేదు. న్యాయశాస్త్రమును తర్కశాస్త్రమును ఇచట చక్కగనే కలిసినవి. అట్లు నమోదైన బండిని ప్రదర్శనములు, ర్యాలీలు మొదలగువానికి తప్ప నిత్యము వాడుకొనరాదు గనుక, మన యువకునికి అది అక్కరకు రాలేదు. సామాన్యమైన నమోదునే కొనసాగించుకొనుచున్నాడు. కాని యొకనాడు అతడో, అతని కుమారుడో ఆ బండిని అమ్మవచ్చును. కొనువాడు అంతయు పాతదే యనుకొనుచుండగా ఊరకుండినచో, ఆ మౌనము అసత్యమే. కొత్తరేకును ఉద్దేశపూర్వకముగ మురికిచేసి పాతదానివలె కనబడజేయు విద్య యొకటి ఈ వ్యాపారమున కలదని విని ఆశ్చర్యపడితిని. మీమాంసకుడు నీవారములను గొన్నప్పుడు వ్రీహులను మంత్రమునే పలుకును. అది మోసము గాదు, ఋత్విక్కులందరకును అవి నీవారములని తెలియును. తెలిసి స్వీకరించునది ప్రతినిధి. తెలియకుండ చొప్పించునది దొంగసరకు.

కావున ఆ యువకునికి నేను చెప్పినదిది. ట్యాంకు మార్చుము. దానితోపాటు పాత రబ్బరుగొట్టములను, మూత బిరడాను కూడ నేటి యింధనమున కాగునట్టివిగ మార్పింపుము. తీసిన ట్యాంకును పూజగదిలో పెట్టవలదు. అందు ఆవిరి మిగిలియుండును, పక్కన దీపము వెలుగుచుండును. అనుభవజ్ఞుడైన పనివానిచేత పలుమారులు కడిగించి, మూత తీసి, చాలదినములు బయలున ఆరబెట్టించుము. పిదప మాటుగల భాగము పైకి కనబడునట్లు వరండాలో ఎత్తుపీటపై నుంచుము. అది నాయనమ్మగారి కుర్చీకి చేతికందు దూరమున నుండవలెను. బండి కాగితములతో నుండు పుస్తకమున ట్యాంకు మార్చిన తేదీ, కారణము, చేసిన పనివాని పేరు వ్రాసి సంతకము చేయుము. అతడు రేకు కొలతలు తీయించుటకు మరునాడే ఎమ్మిగనూరు పోయెను.